పుదుచ్చేరి ప్రకృతి పాఠాలు: తోట నుంచి తెర దాకా

జంతుప్రదర్శనశాలలు పర్యావరణ విద్య కోసం ఇటీవల చేరదీస్తున్న సాధనాలను స్థూలంగా రెండు తెగలుగా విడదీయవచ్చు. మొదటి తెగ సందర్శకుణ్ణి ఉన్న చోటు మరిపించి, మరొక చోట నిలబెట్టినట్టు భ్రమ కల్పిస్తుంది. కళ్లకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ తెరలు, గుమ్మటం లోపలి వైపున వేసే సినిమాలు, ఫోను తెర మీద ఖాళీ నేలపై పులిని ప్రత్యక్షం చేసే ఆగ్మెంటెడ్ రియాలిటీ ఇందులోకి వస్తాయి. రెండవ తెగ చూసినదాన్ని గుర్తుపట్టి పేరు చెబుతుంది. ఫొటో తీస్తే ఆకు ఏ చెట్టుదో, కూత వినిపిస్తే అది ఏ పిట్టదో చెప్పే కృత్రిమ మేధ ఈ కోవలోది. హైదరాబాదుకు, విశాఖపట్నానికి, తిరుపతికి ఉన్నట్టు పుదుచ్చేరికి పెద్ద జంతుప్రదర్శనశాల లేదు. అయినా ఈ రెండు తెగల పూర్వరూపాలూ ఆ పట్నపు చరిత్రలో కనిపిస్తాయి. రెండవ తెగ విషయంలోనైతే, కంప్యూటరు సాయంతో చెట్టును గుర్తుపట్టే ప్రయత్నం చేతిలోకి స్మార్ట్‌ఫోను రాకముందే అక్కడ సాగింది. ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కూడా కాదు. పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం గోదావరి పాయ ఒడ్డున, కోరంగి మడ అడవులకు పొరుగున ఉంది.

ఈ కథలో మొదట ఎదురయ్యే పేరు పియెర్ సొన్నెరా. 18వ శతాబ్దపు చివరి భాగంలో ఫ్రెంచి కొలువులో ఉంటూ పుదుచ్చేరిలో మసలిన ఈ ప్రకృతి పరిశీలకుడు, 1782లో అచ్చయిన తన తూర్పు ఇండియా, చైనా యాత్రాగ్రంథంలో ఇక్కడి వృత్తులను, దేవతామూర్తులను, పక్షులను, మొక్కలను బొమ్మలుగా చెక్కించి వేయించాడు. సముద్రం దాటని ఐరోపా పాఠకుడికి ఆ బొమ్మలే దక్షిణ భారతం. ఇటలీలో కూర్చున్న స్కోపోలి అనే శాస్త్రవేత్త 1786లో ఆ పుస్తకంలోని వర్ణనల ఆధారంగానే ఎన్నో పిట్టలకు లాటిన్ పేర్లు పెట్టాడు. భారతీయ రాబందును నేటికీ జిప్స్ ఇండికస్ అనడం ఆ విధంగా వచ్చినదే. మన అడవికోళ్లలో బూడిదరంగు దానికి గాలస్ సొన్నెరాటి అన్న పేరు, మడ అడవుల్లో పెరిగే ఒక చెట్ల ప్రజాతికి సొన్నెరేషియా అన్న పేరు అతని జ్ఞాపకంగా నిలిచాయి. అయితే ఇదే సొన్నెరా 1776లో వెలువరించిన న్యూగినీ యాత్రాగ్రంథంలో పెంగ్విన్లను ఆ దీవి వాసులుగా బొమ్మ కట్టి చూపాడు. పెంగ్విన్లు అక్కడ లేవు, అతను ఆ దీవి ప్రధాన భూభాగం మీద అడుగు పెట్టనూ లేదు. అదే పుస్తకంలోకి ఎక్కిన ఆస్ట్రేలియా పిట్ట కూకబుర్రా ఇప్పటికీ తన శాస్త్రనామంలో న్యూగినీ పేరే మోస్తోంది. బొమ్మ ఎంత నమ్మదగినట్టుంటే అందులోని తప్పు అంత కాలం బతుకుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. కంప్యూటరు అల్లిన అడవులను కొనుగోలు చేసే జూ అధికారులు ఏ జంతువును ఏ చెట్టు కింద నిలబెట్టారో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఆంగ్లేయుల చేతి నుంచి పుదుచ్చేరి మళ్లీ ఫ్రెంచివారికి దఖలు పడిన 1816లో లెషెనో ద లా తూర్ అనే వృక్షశాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, 1822 వరకు దక్షిణ భారతంలోను, సింహళంలోను తిరిగి మొక్కలు, గింజలు, జంతువుల నమూనాలు సేకరించాడు. పారిస్ మ్యూజియానికి అతను పంపిన వాటిలో ఒక గబ్బిలం ఉంది. పండ్లు తిని బతికే ఆ గబ్బిలాన్ని 1820లో జంతుశాస్త్రవేత్త దేమరే వర్ణించి లెషెనో పేరు పెట్టాడు, అది దొరికిన చోటుగా శాస్త్రగ్రంథాల్లో ఇప్పటికీ పుదుచ్చేరే నమోదై ఉంది. జంతుశాస్త్రవేత్తలు కువియే, వలాన్‌సియెన్‌లు 1828 నుంచి వెలువరించిన చేపల మహాగ్రంథంలోనూ పుదుచ్చేరి తీరపు చేపలు తరచు తారసపడతాయి. ఈ సేకరణలో విద్య లేకపోలేదు గాని, ఆ విద్య పొందినవారు ఇక్కడివారు కారు. చేపను వలలో పట్టినవాడు దాన్ని పట్టి ఇవ్వడంతో తప్పుకునేవాడు. దాన్ని గాజుసీసాలో చూసి తెలుసుకునే భాగ్యం పారిస్ పౌరుడిది. ఫ్రెంచి విప్లవ కాలంలో పారిస్ వృక్షోద్యానంలో నెలకొల్పిన జంతుశాల, ప్రజలందరూ చూడడానికీ శాస్త్రజ్ఞులు అధ్యయనం చేయడానికీ తెరిచిన తొలి జంతుశాలల్లో ఒకటిగా పేరుపొందింది; వలసల నుంచి వెళ్లిన నమూనాలు ఆ ప్రజలకోసమే వెళ్లాయి.

చూసే అవకాశం ఈ ఒడ్డుకు కొంత మళ్లింది 1826లో. భూమార్గాన పర్షియా మీదుగా ప్రయాణం చేసి వచ్చిన షార్ల్ బెలాంజే చేతుల మీదుగా ఏర్పడిన వృక్షోద్యానం నేటి పాత బస్టాండు సమీపంలో ఇప్పటికీ పట్నవాసులకు నీడనిస్తోంది. ఆ తోటకు అసలైన రూపం దిద్దినవాడు పెరొత్తె. సెనెగల్‌లో నీలిమందు సాగు మీద పనిచేసి వచ్చిన పెరొత్తె 1830లలో పుదుచ్చేరి చేరి, మధ్యలో కొన్నేళ్లు విడిచి, 1870లో ఇక్కడే మరణించేదాకా విదేశీ మొక్కలను ఈ నేలకు అలవాటు చేయడంలో, నీలగిరుల మొక్కలను సేకరించడంలో గడిపాడు. తోట ఉద్దేశం ముందుగా వ్యాపారమే: పుదుచ్చేరిలో నీలిమందుతో అద్దకం వేసిన నీలి గుడ్డలు సెనెగల్ బజారులో సరుకు కింద చెల్లేవి, కాబట్టి నీలిమొక్క గురించి తెలిసినవాడికి ఇక్కడ విలువ ఉండేది. అయినా వరుసల్లో నాటి, చీటీ తగిలించిన చెట్టు ఎవరు చూసినా చూడవచ్చు. పేరు చదివి ఆకు కేసి తల ఎత్తి చూడటం అన్న చిన్న అలవాటు, అంటే నేటి జూలో బోను ముందు పలక చేయించే పనే, ఈ పట్నంలో ఆ చీటీలతో మొదలయిందని చెప్పవచ్చు.

ఈలోగా భ్రమ కల్పించే తెగ ఐరోపా, అమెరికాలలో వేరే దారిన పెరిగింది. హాంబర్గ్‌లో జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ 1907లో తెరిచిన ప్రదర్శనశాలలో కడ్డీలు తీసేసి, కందకాలు తవ్వి, కొండగుట్టల వంటి నేపథ్యం కట్టి, సింహమూ దుప్పీ ఒకే మైదానంలో ఉన్నట్టు కంటికి కనిపించేలా చేశాడు. 1970లలో సియాటెల్ నగరపు జూ రూపశిల్పులు ఇంకో అడుగు వేసి, జంతువు ఉన్న దృశ్యంలోకే సందర్శకుడూ నడిచివెళ్లేలా చెట్లు నాటించారు. 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాల కందకాల పద్ధతినే ఎంచుకుంది. అక్కడి నిశాచర జంతువుల భవనం మాత్రం ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. పగలు లోపల మసక చీకటిగా ఉంచి, రాత్రి దీపాలు వెలిగించి, రేయింబవళ్లను తారుమారు చేస్తే, దేవాంగుపిల్లి, పునుగుపిల్లి, గుడ్లగూబ, పండ్లు తినే గబ్బిలం సందర్శకుడు వచ్చే వేళకే మేలుకొని తిరుగుతాయి. తెరలూ కళ్లజోళ్లూ లేకుండా, కేవలం దీపపు మీటతో సాధించిన ఈ నిమజ్జన విద్యలో, అంటే చూసేవాణ్ణి దృశ్యంలో ముంచే విద్యలో, జంతువు నిజమైనది. కల్పితమైనది కాలం ఒక్కటే.

పుదుచ్చేరిలో రెండవ తెగ వేళ్లూనడానికి కారణం 1955 మార్చి 21న సముద్రపు ఒడ్డున సెయింట్ లూయీ వీధిలో ఆరంభమైన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్. 1954 నవంబరులో పాలన భారత్ చేతికి వచ్చిన వెంటనే, సాంస్కృతిక బంధానికి గుర్తుగా ఏర్పడ్డ ఈ సంస్థ మొదటి సంచాలకుడు సంస్కృత పండితుడైన జాన్ ఫిలియోజా. అందుకే చాలామంది దాన్ని తాళపత్రాల కొలువుగానే ఎరుగుదురు. కాని ఆదినుంచీ అక్కడ ప్రకృతి శాస్త్రాలకూ ఒక విభాగం ఉంది, దానికి దారి చూపినవాడు తులూజ్ నగరపు వృక్షశాస్త్రవేత్త ఆంరి గోసెన్. భారత వ్యవసాయ పరిశోధన మండలి సహకారంతో గోసెన్, పియెర్ లెగ్రి, మెహెర్‌హోమ్‌జీ మొదలైనవారు 1960ల నుంచి ద్వీపకల్ప భారతపు వృక్షసంపదను పది లక్షల్లో ఒక వంతు కొలతతో, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద పది కిలోమీటర్లు అయ్యేలా, రేకుల వారీగా ముద్రించారు. కన్యాకుమారి రేకుతో మొదలైన ఆ వరసలో గోదావరి పేరిట ఒక రేకు ఉంది.

ఆ పటాల వెనుక ఉన్న రెండు ఊహలు బడిపిల్లలకు కూడా అందేటంత సులువైనవి. మొదటిది గోసెన్ తన సహచరుడు బాన్యుల్‌తో కలిసి 1953లో ప్రతిపాదించిన వాన–వేడి రేఖాచిత్రం. ఒక నెలలో కురిసిన వాన మిల్లీమీటర్లలో ఎంతో చూసి, ఆ నెల సగటు ఉష్ణోగ్రతకు రెండింతలతో పోల్చాలి. వాన అంతకంటే తక్కువైతే అది పొడి నెల. సగటున 30 డిగ్రీలు ఉన్న నెలకు 60 మిల్లీమీటర్ల వాన హద్దు. ఒకే కాగితం మీద వాన గీత, వేడి గీత ఈ నిష్పత్తిలో గీస్తే, వాన గీత వేడి గీత కిందికి దిగిన మేర ఎండకాలం, పైకి లేచిన మేర చెట్లకు పండగ. పుదుచ్చేరికి గీస్తే వాన గీత ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నిటారుగా లేస్తుంది. రెండవ ఊహ రంగులది. వేడి, తేమ వంటి ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క రంగు కేటాయించి, వాటిని ఒకదానిపై ఒకటి అచ్చు వేయగా తేలిన రంగునే ఆ చోటి అడవికి ఇవ్వడంతో, తేమ నేలలు నీలం వంటి చల్లని రంగుల వైపు, పొడి నేలలు పసుపు, నారింజల వైపు జరుగుతాయి. పటం చదవడం రానివాడు సైతం రంగును బట్టి ఇక్కడ ఈ అడవి ఎందుకుందో ఊహించగలడు. గణాంకాలను కంటికి అప్పగించడమే నేటి తెరల పని కూడా అనుకుంటే, గోసెన్ దాన్ని ముద్రణాలయపు సిరాలతోనే చేశాడు.

పటం కోసం అడవిలో సేకరించిన కొమ్మలు ఎండి, కాగితాల మధ్య చేరి, ఇరవై వేలు మించిన నమూనాల హెర్బేరియంగా ఎదిగాయి. దాని పక్కనే 1960లో ఆరంభమైన పుప్పొడి ప్రయోగశాలలో వేల కొద్దీ గాజుపలకల మీద పుప్పొడి రేణువులు భద్రమయ్యాయి. చెరువు అడుగు బురదలో వేల ఏళ్ల కిందటి పుప్పొడి దొరికినప్పుడు దాన్ని ఈ పలకలతో పోల్చి ఆనాటి అడవి ఎలాంటిదో చెప్పవచ్చు. ఆ ప్రయోగశాలకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చిన గణపతి తనికైమణి 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాకైన ప్యాన్ ఆమ్ విమానంలో ప్రాణాలు కోల్పోయాడు. మడ చెట్ల పుప్పొడి మీద అతని గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది. మడ అడవులంటే ఆ సంస్థకు మొదటినుంచీ మక్కువ. భారతీయ మడ అడవుల మీద ఫ్రాంస్వా బ్లాస్కో పుస్తకాన్ని 1975లోనే ప్రచురించింది.

ఇంత సంపద ఉన్నా, ఇది బీరువాల్లోని సంపద. అడవిలో నిలబడ్డ గార్డుకు, విద్యార్థికి ఇది చేరాలంటే కావలసింది నిర్ధారణ కీ అనే పనిముట్టు: ఒక్కొక్క మెట్టులో రెండేసి లక్షణాలు చూపి, ఇదా అదా అని అడుగుతూ, చివరికి చెట్టు పేరు దగ్గరికి తీసుకుపోయే ప్రశ్నావళి. ఆ సంస్థ పరిశోధకులు పాస్కల్, రమేశ్‌లు 1987లో పడమటి కనుమల సతతహరిత అడవుల చెట్లకూ తీగలకూ అటువంటి పుస్తకం రాశారు. ముప్పై మీటర్ల ఎత్తున పూసే పువ్వు చేతికి అందదు గనుక, వారు పువ్వులను పక్కన పెట్టి ఆకు అమరిక, బెరడు, గాటు పెడితే కారే పాల వంటి లక్షణాలను ఆధారం చేసుకున్నారు. ఇది పండితులు కాక అడవిలో తిరిగేవారు చేయగల ఎంపిక. అయితే ఇటువంటి కీకి ఒక నిర్దాక్షిణ్యం ఉంది. మూడో మెట్టులో ఒక్క జవాబు తప్పితే ఇరవయ్యో మెట్టులో తేలేది వేరే చెట్టు, తప్పు ఎక్కడ జరిగిందో కీ చెప్పదు. అడిగిన లక్షణం ఆ ఋతువులో కనిపించకపోతే ముందుకు దారే లేదు.

ఫ్రాన్సు వ్యవసాయ పరిశోధన సంస్థ సిరాడ్‌కు చెందిన పియెర్ గ్రార్, పుదుచ్చేరి సంస్థకు చెందిన రమేశ్ బృందంతో కలిసి, ఆ నిర్దాక్షిణ్యాన్ని కంప్యూటరు చేత విరగ్గొట్టించారు. ఇడావో అని పిలిచే వారి పద్ధతిలో మాటలకు బదులు బొమ్మలుంటాయి. తెర మీద ఒక చెట్టు నమూనా బొమ్మ కనిపిస్తుంది. ఆకు మీద నొక్కితే ఆకుల అమరికల బొమ్మలు, కాండం మీద నొక్కితే బెరడుల బొమ్మలు వరసగా వస్తాయి, తన ముందున్న చెట్టును పోలినదాన్ని వాడుకరి ఎంచుకుంటాడు. పోలీసులు సాక్షి మాటలను బట్టి దొంగ ముఖచిత్రం గీయించినట్టే, ఇక్కడ వాడుకరి ఒక్కొక్క లక్షణంగా చెట్టు ముఖచిత్రం గీస్తూ పోతాడు. ఏ లక్షణంతో మొదలు పెట్టినా అడ్డు లేదు, తెలియనిదాన్ని వదిలేయవచ్చు, ప్రతి అడుగులోనూ ఏ జాతితో ఎంత శాతం పోలిక ఉందో జాబితా తెర మీద మారుతూ ఉంటుంది. ఒక జవాబు తప్పినా సరైన జాతి జాబితాలో కిందికి జారుతుందే గాని మాయం కాదు. ఈ పద్ధతిలో మడ చెట్ల గుర్తింపు కోసం తయారైన సీడీ 2005లో వచ్చింది. అదే దశకంలో ఐరోపా సమాజపు నిధులతో నడిచిన బయోటిక్ ప్రాజెక్టు పడమటి కనుమల చెట్లకూ, లావోస్ అడవుల చెట్లకూ ఇదే సాధనాన్ని విస్తరించింది.

ఇడావో వాడుకరి చేత ఏం చేయిస్తుందో గోదావరి మడల్లో దగ్గరగా చూడవచ్చు. దూరానికి అన్నీ ఒకే పచ్చగోడ. దగ్గరికి వెళ్లి కొమ్మ వంచి చూస్తే, ఒక చెట్టుకు ఆకులు కణుపు కణుపుకూ ఎదురెదురుగా జతలుగా ఉన్నాయి, అడుగు వైపు పాలిపోయి ఉన్నాయి, నేలలోంచి పెన్సిళ్ల వంటి శ్వాసవేర్లు పైకి పొడుచుకు వచ్చాయి, అది మడ. పక్కదానికి ఆకులు జతగానే ఉన్నా, కాండం నుంచి వంగి బురదలోకి దిగిన ఊతవేర్లున్నాయి, ఆకు వెనుక సన్నని నల్లచుక్కలున్నాయి, అది ఉప్పుపొన్న. మూడోదానికి ఆకులు ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయి, శ్వాసవేర్లు లేవు, ఆకు తుంచితే తెల్లని పాలు కారాయి. అది తిల్ల, ఆ పాలు కంట పడితే చూపుకే ముప్పని సముద్రతీరపు జనమంతా ఎరిగిన చెట్టు. మూడు చెట్లను గుర్తుపట్టడానికి నాలుగైదు లక్షణాలు చాలు, కాని ఆ నాలుగైదింటినీ వాడుకరి తన కళ్లతో చూసి, తన వేళ్లతో తుంచి తేల్చుకోవాలి. యంత్రం చేసేది పోల్చి లెక్క కట్టడమే. పరిశీలన మనిషి వంతు.

ఆ వంతు తర్వాతి దశలో చేతులు మారింది. 2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పుదుచ్చేరి సంస్థ భాగస్వామి. అక్కడ ఎవరైనా తీసిన ఫొటోను చూసి తెలిసినవారు పేరు చెబుతారు. పశ్చిమ హిందూ మహాసముద్రపు కలుపు మొక్కల కోసం సిరాడ్‌తో కలిసి చేసిన విక్వియో ప్రాజెక్టు కూడా ఆ దారిదే. సిరాడ్ భాగస్వామిగా 2009లో ఫ్రాన్సులో మొదలై, 2013లో ఫోను యాప్‌గా వచ్చిన ప్లాంట్‌నెట్‌తో చెప్పేవారి స్థానం కూడా యంత్రానికి దక్కింది: లక్షల ఫొటోల నుంచి పోలికలు నేర్చుకున్న కృత్రిమ నాడీజాలం కొత్త ఫొటోను చూసి, సంభావ్యతల వారీగా పేర్ల వరస ఇస్తుంది. పైకి చూస్తే ఇడావో ఇచ్చేదీ అటువంటి వరసే. అయితే ఇడావో ఆకును చూడమంటుంది, ఫోను ఆకును చూపమంటుంది. ఫొటో తీసి పేరు అందుకున్న బాలుడు ఆకులు జతగా ఉన్నాయో లేదో గమనించకుండానే వెళ్లిపోవచ్చు, అతని పేరు సరైనదే కావచ్చు. విద్య అన్న దృష్టితో చూస్తే, పాత సాధనమే మెరుగైనదని ఒప్పుకోక తప్పదు. ఫొటో యాప్ అనుకూలతలూ తక్కువవి కావు: అది కోట్ల మంది చేతికి అందింది, వారి ఫొటోలు ఏ మొక్క ఎక్కడ పూస్తోందన్న సమాచారంగా శాస్త్రానికి తిరిగి వస్తున్నాయి. పైగా ఇడావో ఉండిన సీడీని ఆడించే డ్రైవ్ ఇప్పటి ల్యాప్‌టాపుల్లో కనిపించడం లేదు. ఎండబెట్టి కాగితానికి అంటించిన కొమ్మకు ఆ ఇబ్బంది లేదు. యంత్రం తడబడే చోట్లూ ఉన్నాయి. అది నేర్చుకున్న ఫొటోల్లో ఏ ప్రాంతపు మొక్కలు తక్కువో ఆ ప్రాంతంలో దాని మాట బలహీనం, గాటు పెట్టిన బెరడు వాసనా తుంచిన ఆకు పాలూ ఫొటోకు ఎక్కవు. ఆ యంత్రానికి తప్పొప్పులు చెప్పాలన్నా నిపుణుడు నిర్ధారించిన నమూనాలే కావాలి, అంటే దారి మళ్లీ హెర్బేరియం బీరువాల దగ్గరికే.

భారతదేశంలో జంతుప్రదర్శనశాలలకు విద్య అన్నది ఐచ్ఛికమైన అలంకారం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణతో 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది, 1998 నాటి జాతీయ జూ విధానం సందర్శకుల్లో వన్యప్రాణుల పట్ల అవగాహన పెంచడాన్ని లక్ష్యాల్లో చేర్చింది. వచ్చే సందర్శకుడు బోను ముందు కొద్ది నిమిషాలు కూడా నిలవడు; ఆ కాసేపట్లో అతని చేత దేన్ని గమనింపజేయాలి అన్నదే నిర్వాహకుడి అసలు సమస్య. తెరలు కొనడం దానికి జవాబు కాకపోవచ్చు. దేవాంగుపిల్లి బోను ముందు నిలబడ్డ పిల్లవాణ్ణి తోక ఉందా, వేళ్లు కొమ్మను ఎలా పట్టాయి, కళ్లు ఎటు చూస్తున్నాయి అని బొమ్మలతో అడిగే సాధనం, జంతువు మీద కెమెరా ఎక్కుపెడితే పేరు పలికే సాధనం కంటే చౌకగా తయారవుతుంది, పిల్లవాణ్ణి బోను ముందు ఎక్కువ సేపు నిలబెడుతుంది.

భ్రమ కల్పించే తెగకూ తనదైన చోటు ఉంది, అది ఎక్కడో కోరంగి చెబుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడ అడవిలోకి సందర్శకులు నడవడానికి చెక్క వంతెన ఉంది, యానాం బడుల నుంచి అది దూరం కాదు. చేపలు పట్టి తినే నీటిపిల్లి అక్కడి ప్రధాన నివాసి, కాని అది రాత్రిపూట తిరిగేది, పగలు వంతెన మీద నడిచేవారికి కనిపించేది కాదు. అటవీశాఖ దాని ఉనికిని కదలికకు తమంతట తామే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌ల ద్వారా లెక్కగట్టింది. ఆ కెమెరాలు తీసిన వేల ఫొటోల్లో పిల్లి ఉన్నవాటిని ఏరి పెట్టడం యంత్రానికి తగిన పని, బురదలో పొంచి ఉన్న పిల్లిని విద్యార్థికి చూపించడం తెరకు తగిన పని. వంతెనకు చెయ్యి చాచే దూరంలోనే ఉన్న తిల్లకు, మడకు ఆ రెండూ అక్కరలేదు. వంతెన కటకటాల మీద నాలుగు లక్షణాల బొమ్మలు గీసి పెడితే, తుంచకుండా చూడమని ఒక హెచ్చరిక కూడా చేర్చితే, మిగిలినది విద్యార్థి కన్ను చూసుకుంటుంది.